ఇరవై ఆరు ఇళ్ళకు ఒకటే డ్రమ్ము

ఉగాది నాటికి నా చేతిలో ఉన్న సరుకు ఇది: రెండు వందల లీటర్ల నీలం డ్రమ్ములు నూట ఇరవై, వాటి మూతలు నూట ఇరవై, ఎదురుగా పోటీకి సాంబయ్య కొట్టు, ఇంట్లో శుక్రవారాన్ని కొలిచే భార్య సౌభాగ్యమ్మ, మూడో నెల నడుస్తున్న కోడలు ఆమని. ఇందులో పోగొట్టుకోకూడనిది చివరిదొక్కటే. ఆ సంగతి అప్పుడు తట్టలేదు. నా ధ్యాసంతా డ్రమ్ముల మీదే.

జగ్గయ్యపేటలో ప్లాస్టిక్ సామాన్ల కొట్టు పెట్టి ఇరవై రెండేళ్ళయింది. మాకు ఎండాకాలమే పంటకాలం. పంపు రోజు విడిచి రోజు వస్తుంది, వచ్చినప్పుడే పట్టుకోవాలి. అందుకని డ్రమ్ము లేని ఇల్లుండదు. సాంబయ్య డ్రమ్ముని మూతతో కలిపి అమ్ముతున్నాడు. అతని ధరకి దిగితే నాకు గిట్టదు, దిగకపోతే బేరం రాదు. ఆలోచించి డ్రమ్ము వేరు, మూత వేరు చేశాను. కొట్టు ముందు చూపుకి పెట్టిన డ్రమ్ము మీద ఎర్ర అక్షరాలతో ఒక చీటీ అంటించాను: "ఆఫర్ - మూత లేకుండా".

"మూత కావాలంటే అరవై ఎక్కువవుద్దండి" అని ప్రతివాళ్ళకీ చెప్పాను. అబద్ధమాడలేదు.

"మూతెందుకండీ? నీళ్ళేవన్నా పారిపోతయ్యా?" అన్నారు జనం.

ఆషాఢం వచ్చేసరికి డ్రమ్ములు అయిపోయాయి. నూట పదిహేడు అమ్మాను. ఒకటి మా పెరట్లో పెట్టుకున్నాను. ఇంకొకటి నందిగామలో వియ్యపురాలు రాఘవమ్మ గారికి కానుకగా పంపాను. చీటీ ఉన్నది మాత్రం చూపుకి మిగిలింది. మూతలు కొన్నవాళ్ళు ఎనిమిది మంది. నూట పన్నెండు మూతలు గోడౌన్‌లో అట్లపెనాల్లాగా ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. సాంబయ్య ఈగలు తోలుకుంటూ నావైపు చూసేవాడు. వ్యాపారంలో అంతకన్నా తృప్తి ఏముంటుంది?

వానలు పడ్డాయి. పంపు రోజూ రావడం మొదలైంది. అయినా డ్రమ్ములు ఎవరూ తీయలేదు. నిండిన డ్రమ్ముని కదిలించాలంటే ఇద్దరు మనుషులు కావాలి, ఇద్దరూ ఒకేసారి ఖాళీగా ఉండాలి. చూరు నీళ్ళు అందులోనే పడుతున్నాయి, ఆకులూ అందులోనే. కొన్న సరుకు దానంతటదే నిండుతుంటే ఎవరికి చేదు?

అప్పుడు మొదలైంది, ఏటా లాగే, ఆసిఫా రాక. ఆసిఫా మా వీధికి ఆశా వర్కర్. చేతిలో టార్చి, చంకలో రిజిస్టరు, సంచిలో సుద్దముక్క. ప్రతి శుక్రవారం ఇంటింటికీ వచ్చి నీళ్ళు నిలవున్నవన్నీ బోర్లించమంటుంది. దానికి డ్రై డే అని పేరు. బోర్లిస్తే గోడ మీద తేదీ వేసి పోతుంది.

శ్రావణమాసం మొదటి శుక్రవారం పొద్దున్న, మా ఆవిడ గడపకి పసుపు రాసి కడుపునిండా గర్వంతో లేస్తుండగా, సరిగ్గా అప్పుడే వచ్చింది ఆసిఫా.

"పిన్నిగారూ, పెరట్లో డ్రమ్ము ఒకసారి వొంపేద్దామండి. వొంపితే చాలదు, లోపల పీచు పెట్టి రుద్దాలి. గోడలకి గుడ్లు అతుక్కుని ఉంటయ్యి."

సౌభాగ్యమ్మ ఆ పిల్లని పైనుంచి కిందికి చూసింది.

"శ్రావణ శుక్రవారం పూట నిండు నీళ్ళు పారబొయ్యమంటావా? అందులోనూ ఏడో నెల పిల్ల ఇంట్లో తిరుగుతుంటేనా? నీకు తెలీదులేమ్మా, మా ఇళ్ళల్లో శుక్రవారం పాతిక పైసలు కూడా గడప దాటనివ్వం."

"నాకూ శుక్రవారమే పెద్ద రోజు పిన్నిగారూ. ఇంట్లో అందరూ నెత్తిన నీళ్ళు పోసుకుని తయారవుతుంటే నేను మీ డ్రమ్ముల్లో టార్చి ఏసుకుని తిరుగుతున్నా. ఏడో నెల పిల్ల ఉందనే ముందు మీ ఇంటికొచ్చా. ఆ అమ్మాయికి జొరం తగలకూడదు. తగిలితే ఇద్దరికీ ప్రమాదం."

"రాత్రిపూట దోమతెర కడతన్నాంగా. కాయిల్ కూడా పెడతన్నాం. మాది దోమతెరలమ్మే కొట్టు."

"ఈ దోమ పగలు కుట్టుద్దండి. రాత్రి తెర కడితే అది ఎందుకు ఊరుకుంటది, పగలే భోంచేసి పోద్ది."

మాట నిజంగానే ఉంది. కానీ మా ఆవిడ దగ్గర నిజానికి ధర పలకదు. వీధిలో మిగతా ఇళ్ళదీ ఇదే వరస. శనివారం వొంపుకోండి అని ఆసిఫా బతిమాలితే శనివారం వెంకటేశ్వరస్వామిదట. ఆదివారం మాంసం కడిగే పనుంటుంది. సోమవారానికి ఎవరికీ గుర్తుండదు. నిండుకుండ తొణకదని పెద్దలన్నారు. మా వీధిలో అది కదలను కూడా కదల్లేదు.

గొడవ పెద్దదవుతుంటే మధ్యలోకి నేను దిగాను. ఇద్దరు మొండివాళ్ళ మధ్య బేరం కుదర్చడమే నా వృత్తి.

"అమ్మా ఆసిఫా, నీకు మా వీధి ఒక్కటే కాదుగా. మూడొందల ఇళ్ళు ఎక్కి దిగుతున్నావు. ఒక పని చెయ్యి. వీధి వాట్సాప్ గ్రూపు ఉంది. ఎవరింటి డ్రమ్ము వాళ్ళు ఖాళీ చేసి ఫోటో పెడతారు. నువ్వు చూసుకుని రాసుకో. నీ కాళ్ళు మిగుల్తయ్యి."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. మోకాళ్ళ నెప్పితో ఉన్న మనిషి, నమ్మాలనిపించి నమ్మింది.

"పెద్దవాళ్ళు మీరు చెప్తున్నారు కాబట్టి సరే బాబాయ్ గారూ" అంది.

రెండో శుక్రవారం మా ఆవిడ ఫోటో సంగతి గుర్తుచేసింది. డ్రమ్ము వొంపదు, ఫోటో కావాలి. నేను కొట్టు ముందున్న ఖాళీ డ్రమ్ముని దొర్లించుకుంటూ పెరట్లోకి తీసుకెళ్ళి, బోర్లించి, ఫోటో తీసి పెట్టాను. పక్కింటి కమలాకుమారి పిట్టగోడ మీదుగా చూసింది.

"అన్నయ్యగారూ, ఒక్క నిమిషం మాకూ ఇస్తారా అండి?"

ఇచ్చాను. ఆమె పక్కింటికి ఇచ్చింది. పదకొండు గంటలకి బయల్దేరిన డ్రమ్ము మధ్యాహ్నం భోజనాల వేళకి వీధి చివర దాకా వెళ్ళి తిరిగి కొట్టుకి చేరింది. ఇరవై ఆరు ఇళ్ళు, ఇరవై ఆరు ఫోటోలు. కొందరు పక్కన నిలబడి నవ్వుతూ దిగారు. ఒకాయన డ్రమ్ముకి బొట్టు కూడా పెట్టించాడు. గ్రూపులో చప్పట్ల బొమ్మలు వరదలా పారాయి. ఊళ్ళో ఏ వీధీ చూపించని శుభ్రత మా వీధి చూపించింది. ఆరిన డ్రమ్ము ఒక్కటే, అది ఉగాది నుంచీ ఆరే ఉంది.

మూడో శుక్రవారమూ అదే ఊరేగింపు. ఇంతకన్నా చవకైన పరిష్కారం నా సర్వీసులో నేను చూడలేదు.

నాలుగో శుక్రవారానికి ముందు ఆదివారం, ఆమని మధ్యాహ్నం నిద్ర లేచి కళ్ళు లాగుతున్నాయంది. సాయంత్రానికి ఒళ్ళు కాలింది. మా అబ్బాయి కల్యాణ్ కారు తీశాడు. ఆమెని చూస్తున్న డాక్టరమ్మ ఉండేది నందిగామలో, పుట్టింటికి దగ్గర. చిల్లకల్లు దాటి హైవే ఎక్కేదాకా సౌభాగ్యమ్మ ఏవో శ్లోకాలు చదువుతూనే ఉంది. నేను మాత్రం ఆమని చేతి మీద చిన్న ఎర్ర మచ్చ చూస్తూ కూర్చున్నాను. ఆమె పడుకునే గది కిటికీ పెరట్లోకి తెరుచుకుంటుంది. కిటికీ కింద మా డ్రమ్ము. కిటికీలో, కలిసొస్తుందని సౌభాగ్యమ్మ ఎవరింట్లోనో అడక్కుండా తుంచుకొచ్చి సీసాలో పెట్టిన మనీ ప్లాంటు. ఆ సీసాలో నీళ్ళు ఎప్పుడు మార్చామో నాకు గుర్తు రాలేదు.

సోమవారం పరీక్షలో డెంగీ అని తేలింది. ప్లేట్‌లెట్లు లక్షా నలభై వేలు. మర్నాడు తొంభై రెండు. ఆ మర్నాడు అరవై మూడు.

మిర్చి రేటు ఒక్క వారంలో సగానికి పడిపోయిన ఏడు చూశాను నేను. యార్డులో పెద్ద పెద్ద రైతులు బస్తాల మీద కూలబడటం చూశాను. అప్పుడు కూడా అంకెలు ఒక్కసారి చూస్తే నాకు చాలేది. ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాను.

చూడటానికి వచ్చిన బంధువులు ఒట్టి చేతులతో రాలేదు, సలహాలతో వచ్చారు. ఒకరు బొప్పాయి ఆకు రసం అన్నారు. ఒకరు మేకపాలు అన్నారు. కివీ పండ్లు తినిపిస్తే గంటకి పదివేలు పెరుగుతాయని ఒకాయన లెక్క కూడా చెప్పాడు. ఆ లెక్కన ఆయనకు నాలుగు పండ్లు పెడితే రక్తబ్యాంకు పెట్టుకోవచ్చు. డాక్టరమ్మ ఆకు రసం గ్లాసు తీసి కిటికీ అవతల పెట్టింది.

"ఆ అమ్మాయి తాగాల్సింది ఓఆర్‌ఎస్, మజ్జిగ, కొబ్బరినీళ్ళు. మేమిచ్చిన జ్వరం బిళ్ళ తప్ప ఒంటినెప్పులకని బయట బిళ్ళ ఒక్కటి వెయ్యొద్దు. మీరు మానాల్సింది సలహాలు. ఇంకోటి, పగలు కూడా తెర దించే ఉంచండి. ఈ అమ్మాయిని కుట్టిన దోమ పక్క బెడ్డుకి పోకూడదు."

గురువారం జ్వరం దిగింది. నేను ఊపిరి పీల్చుకుని, "ఇంక తీసుకుపోవచ్చా అమ్మా?" అన్నాను.

"ఇప్పుడే అసలు జాగ్రత్తగా చూడాల్సిందండి. జ్వరం దిగిన ఈ రెండు రోజుల్లోనే తేడా వస్తే వస్తుంది. కడుపునెప్పి, వాంతులు, ఎక్కడన్నా రక్తం, మనిషి మగతగా ఉండటం, ఏది కనపడ్డా వెంటనే పిలవండి. బిడ్డ గుండె గంట గంటకీ వింటున్నాం."

సరుకు చేరింది కదా అని లారీ తాడు విప్పేశాక బస్తాలు మీద పడటం లాంటిదన్నమాట. ఆ రోజు ప్లేట్‌లెట్లు ముప్ఫై ఎనిమిది వేలు. ఎక్కించడం గురించి అడిగితే, రక్తం కారడం లేదు కనక ఇప్పుడే అక్కర్లేదు, చూద్దాం అంది.

రాఘవమ్మ గారు వరండాలో నా పక్క కుర్చీలో కూర్చుని, ఎటో చూస్తూ మొదలుపెట్టింది.

"అన్నయ్యగారూ, దోమతెరలమ్మే ఇల్లని చూసి పిల్లనిచ్చాం. దోమకి మీ ఇంటితో మేనరికం ఉందని తెలీదు."

ఆగి మళ్ళీ తనే అందుకుంది.

"కానుకని ఒక డ్రమ్ము పంపారు. మూత లేదేంటని అడుగుదామనుకున్నా. ఇచ్చిందాన్ని అడిగితే బావోదని ఊరుకున్నా. నిన్న టార్చి ఏసి చూసా. లోపల సంత జరుగుతోంది. పారబోయించా."

సౌభాగ్యమ్మ తలెత్తింది. "నిన్న బుధవారమా వదినగారూ?"

"బుధవారమో ఏదో. నా కూతురు లోపలుంటే నాకు వారాలు గుర్తుండవు వదినా."

ఆ తర్వాత మా ఆవిడ శ్లోకాలు ఆపేసింది.

సాయంత్రం ఆసిఫా ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"బాబాయ్ గారూ, ఆమని ఎట్లా ఉంది?... ఇవ్వాళ రిజిస్టరు రాద్దామని ఫోటోలు పెద్దవి చేసి చూసానండి. ఇరవై ఆరు ఇళ్ళల్లోనూ డ్రమ్ము మీద ఒకటే చీటీ ఉంది. ఆఫర్, మూత లేకుండా అని."

నేను ఫోను పట్టుకుని వరండా చివరికి నడిచాను.

"వీధిలో తొమ్మిదో జొరం ఇది. నేను మోకాళ్ళు చూసుకున్నా, అది నా తప్పు. మీరు చూసుకుంది ఏంటో మీరే చెప్పుకోండి."

చెప్పుకున్నాను. ఆ రోజు వరండాలో కూర్చుని ఇరవై రెండేళ్ళలో మొదటిసారి సరైన లెక్క వేశాను. అరవై రూపాయల మూత తీసేసి నేను సాంబయ్యని గెలిచాను. నూట తొమ్మిది ఇళ్ళల్లో నీళ్ళ మీద నోరు తెరిచి పెట్టింది నేనే. పైగా శుక్రవారానికీ ఆసిఫాకీ మధ్య దళారీపని చేసి, ఇద్దరి దగ్గరా దొంగ సరుకు అమ్మాను. అందులో మా ఇంటి వాటా ముప్ఫై ఎనిమిది వేలు, లోపల తెర కింద పడుకుని ఉంది.

శుక్రవారం పొద్దున్న ముప్ఫై ఆరు. ఇక దిగలేదు. మధ్యాహ్నం నలభై ఒకటి. శనివారం అరవై. ఆదివారం ఆమని ఇడ్లీలో చట్నీ బాగాలేదని గొడవపెట్టింది. డాక్టరమ్మ నాకూ బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. గుర్రబ్బండి పోతున్నట్టుంది. ఆమనిని అటునుంచి అటే పుట్టింటికి పంపించాం. సౌభాగ్యమ్మ మంచిరోజు ఊసెత్తలేదు.

నేను పేటకి తిరిగొచ్చి ముందు పెరట్లోకి వెళ్ళాను. డ్రమ్ములోకి టార్చి వేస్తే నీళ్ళన్నీ బతికి ఉన్నాయి. వెంట్రుక ముక్కల్లాంటివి వేలకి వేలు, తలకిందులుగా వేలాడుతూ, వెలుగు పడగానే అడుక్కి దూకుతున్నాయి. మేం మూడు వారాలు పూజించి కాపాడుకున్న సంపద అదన్నమాట. మనీ ప్లాంటు సీసాలో విడిగా ఒక శాఖ తెరిచాయి. కల్యాణూ నేనూ కలిసి డ్రమ్ము వొంపి, పీచు పెట్టి అరిగేలా రుద్దాం. మనీ ప్లాంటుని మట్టిలో పాతాం.

వీధి సంగతి మిగిలింది. ఆసిఫా మూడేళ్ళుగా మంచిమాట ఉచితంగా పంచుతోంది. ఉచితం కనకే ఎవరూ తీసుకోలేదు. జనానికి ఏదైనా అంటగట్టాలంటే వాళ్ళ నమ్మకంతో పోట్లాడకూడదు, దాని పక్కనే దుకాణం పెట్టాలి. అమావాస్య దాటాక బుధవారం సాయంత్రం సౌభాగ్యమ్మని అరుగు మీద కూర్చోబెట్టాను. ఆమె మాటంటే వీధిలో పంచాంగం కింద లెక్క.

"శుక్రవారం అమ్మవారు వచ్చేసరికి తొట్లో వారం నాటి పాచినీళ్ళుంటే ఏం బావుంటదమ్మా?" అంది కమలాకుమారితో. "గురువారం వొంపి, రుద్ది, శుక్రవారం కొత్తనీళ్ళు నింపుకోవాలి. నిండుగా ఉండటమంటే అదీ. నేనే ఇన్నాళ్ళూ తప్పు చేసా. దానికి నా కోడలికి శిక్ష పడింది."

ఆ చివరి మాట నేను నేర్పింది కాదు.

నా వంతుగా చూపు డ్రమ్ము మీద చీటీ పీకి ఇంకొకటి అంటించాను: "నీళ్ళు నిలిచే పాత సామాను తెండి - మూత తీసుకెళ్ళండి". ఊరికే ఇస్తానంటే అనుమానపడి రారు. మారకం అనేసరికి ఎగబడ్డారు. డాబాల మీద నుంచి పాత టైర్లు దిగాయి. పగిలిన కూలరు తొట్లు, బూజుపట్టిన కుండీలు, కొబ్బరి చిప్పలు, మూతిపోయిన బిందెలు బారులు తీరాయి. ఒకావిడ చిన్న కొబ్బరి చిప్ప తెచ్చి రెండు మూతలు అడిగింది. ఆసిఫా కొట్టు ముందు కుర్చీ వేసుకుని, మూత తీసుకున్న ప్రతి ఇంటి పేరూ రాసుకుని, మర్నాడు వెళ్ళి మూత డ్రమ్ము మీద ఉందో, దాని మీద అప్పడాలు ఎండుతున్నాయో చూసి వచ్చింది. ఈసారి ఫోటోల మాట ఎత్తితే నా చేతిలో ఫోన్ లాక్కునేటట్టు చూసింది.

సాంబయ్య రోడ్డు దాటి వచ్చాడు.

"ఏం ప్రసాదూ, చెత్త కొంటన్నావంట? దివాలా తీసే మార్గం మంచిదే కనిపెట్టావు."

"అమ్మిందే వెనక్కి తీసుకుంటున్నా మావా" అన్నాను.

ఇంక ఆఖరి లెక్క. మూతలు నూట పన్నెండులో నూట పదకొండు మారకంలో పోయాయి. వచ్చిన టైర్లు నలభై మూడు, మిగతా చెత్త రెండు ట్రాక్టర్లు. పాతసామాన్ల సర్దార్ దాన్ని తూచుకుని ఇచ్చింది మూతల అసలులో పావు వంతు కూడా రాలేదు. మూడు వారాల తర్వాత ఆసిఫా రిజిస్టర్లో మా వీధికి కొత్త జ్వరం లేదు. అది నా గొప్పని చెప్పను, వానలు కూడా వెనకబట్టాయి. కానీ పక్క వీధిలో నాలుగున్నాయి.

కార్తీకంలో ఆమనికి ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల తొమ్మిది వందలు. శుక్రవారం, తెల్లారి ఆరున్నరకి. సౌభాగ్యమ్మ వారం లెక్కపెట్టుకుని నా మొహం చూసింది. నేను మిఠాయికి డబ్బులు తీశాను. గెలిచిన బేరం మీద మాట్లాడటం వ్యాపారం కాదు.

నూట పన్నెండో మూత మా డ్రమ్ము కోసం దాచాను. పిల్లని చూడటానికి వెళ్ళినప్పుడు రాఘవమ్మ గారు మొదటి మాటే "మా మూతేదన్నయ్యగారూ?" అంది. తెచ్చి ఇచ్చేశాను. పసిపిల్ల ఉండేది ఇప్పుడు ఆ ఇంట్లోనే.

అలా నా ఇంటికి మూత లేకుండా పోయింది. రోడ్డు దాటి సాంబయ్య కొట్టుకి వెళ్ళి కొన్నాను. అరవై రూపాయలు. ఒక్క రూపాయి తగ్గించలేదు.